మార్పు వేళ ప్రధానోపాధ్యాయుడు

నెల్లూరునుండి గూడూరునకు పోవు దారిలో మనుబోలు కలదు. ఒకప్రక్క రైలుదారి, ఒకప్రక్క చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు పెద్ద రహదారి, చుట్టును వరిపొలములు, తూర్పున కొంతదూరమున సముద్రము. చుట్టుపట్ల పల్లెలనుండి పిల్లలు ఉదయముననే సంచులు భుజమున వైచికొని ఉన్నత పాఠశాలకు వచ్చుట ఇచ్చట నిత్యము కనబడు దృశ్యము. ఈ ప్రాంతమునకు దూరము కాని సర్వేపల్లి గ్రామము పేరే రాధాకృష్ణపండితుని వంశమునకు ఇంటిపేరయ్యెను. ఆయన జన్మదినమగు సెప్టెంబరు 5వ తేదీని 1962నుండి దేశమంతయు ఉపాధ్యాయ దినోత్సవముగా జరుపుకొనుచున్నది. ఆనాడు ప్రతి పాఠశాలలోను ఉపాధ్యాయులకు పూలదండలు పడును. ప్రసంగములు జరుగును. ఆ ప్రసంగములలో తరచుగా మరపునకు వచ్చు వ్యక్తి ఒకడు కలడు. అతడు ప్రధానోపాధ్యాయుడు.

అతని స్థానము విచిత్రమైనది. పైనుండి వచ్చు ఉత్తర్వు అతని బల్లమీద ఆగును. క్రిందనుండి వచ్చు అసంతృప్తియు అతని బల్లమీదనే ఆగును. పాఠ్యక్రమము మారినను, పరీక్షావిధానము మారినను, బోధనాభాష మారినను, తరగతులు ఒక బడినుండి మరొక బడికి పోయినను, ఆ మార్పును తరగతిగదిలోనికి తీసికొనిపోవలసినది ఉపాధ్యాయుడు. ఆ ఉపాధ్యాయుని చేయి పట్టుకొని నడిపింపవలసినది ప్రధానోపాధ్యాయుడు. మార్పులను గూర్చిన చరిత్రలలో శాసనకర్తల పేర్లు కనబడును, సంఘసంస్కర్తల పేర్లు కనబడును. ఈ మధ్యవాని కథ మాత్రము అరుదుగా వినబడును. కనుక మన తెలుగునాటి విద్యాచరిత్రలోని కొన్ని ఘట్టములను ఈ దృష్టితో ఒకమారు పరిశీలింతము.

మొదట మా అనుభవములోనిది ఒకటి చెప్పి ముందునకు పోయెదము. మేము కొంతకాలము పనిచేసిన ఒక పాఠశాలలో ఏ కొత్త ఉత్తర్వు వచ్చినను ఒకే తంతు జరుగుచుండెడిది. అటెండరు సర్క్యులరు పుస్తకమును చేతబట్టుకొని తరగతి తరగతికి వచ్చును. పాఠము చెప్పుచున్న ఉపాధ్యాయుడు సుద్దముక్క క్రిందబెట్టి, తన పేరున కెదురుగా సంతకము చేసి, మరల సుద్దముక్క తీసికొనును. అందులో ఏమి వ్రాసియున్నదో సగముమంది చదువరు. చదివినవారును దానిని గూర్చి మాటాడుకొనరు. ఏడాది చివర చూచినచో సంతకములన్నియు సరిగా ఉండెను. పాఠములన్నియు వెనుకటివలెనే ఉండెను. తరువాత వచ్చిన ప్రధానోపాధ్యాయుడు ఆ పుస్తకమును మానలేదు కాని, ఒక శనివారము సాయంకాలము అందరిని కూర్చుండబెట్టి, “ఈ కొత్త పద్ధతి నాకును తెలియదు. సోమవారము ఆరవ తరగతిలో నేను ప్రయత్నించెదను. మీరు వచ్చి వెనుక కూర్చుండి నా తప్పులు చెప్పవలెను” అనెను. సోమవారమునాటి పాఠము బాగుగా సాగలేదు. అయినను ఆ వారములోనే మరి ఇద్దరు ప్రయత్నించిరి. సంతకము చేయని మార్పు ఆ పాఠశాలలో ఆనాడు మొదలయ్యెను.

ఈ చిన్న సంగతిలో ఉన్న సూత్రమే పెద్ద చరిత్రలోను కనబడును. అందుకు మొదటి నిదర్శనము బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు.

వేంకటరత్నము నాయుడుగారు 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి సైన్యములో సుబేదారు. తండ్రి ఉద్యోగమువలన బాల్యము ఉత్తరదేశమునను హైదరాబాదునను గడచెను. హిందీ, ఉర్దూ, పారసీ భాషల పరిచయము అట్లు కలిగెను. పిమ్మట చెన్నపట్టణమున క్రిస్టియన్ కళాశాలలో చదివిరి. అప్పుడచ్చట అధ్యక్షుడుగా నుండినవాడు విలియం మిల్లరు అను స్కాట్లండు దేశీయుడు. ఒక విద్యాసంస్థకు అధిపతి యగువాడు పరిపాలకుడు మాత్రమే కాడనియు, ఆ సంస్థకు స్వభావమును ప్రసాదించువాడనియు నాయుడుగారు తమ కండ్లతో అచ్చట చూచిరి. మచిలీపట్టణపు నోబిలు కళాశాలలో ఆంగ్లము బోధించునపుడు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు వంటివారు వారి విద్యార్థులైరి. తరువాత సికిందరాబాదులోని మహబూబు కళాశాలకు అధ్యక్షులై, 1904లో కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు వచ్చి, 1919వరకు అచ్చట ప్రధానాచార్యులుగా నుండిరి.

ఆ పదునైదేండ్లలో కాకినాడలో జరిగినది సామాన్యమైన మార్పు కాదు. పురుషుల కళాశాలలో స్త్రీలను చేర్చుకొనిరి. అస్పృశ్యులని సంఘము దూరముంచిన కులముల పిల్లలకు చదువునకు దారి తెరచిరి. వారికి వసతి కల్పించిరి. తల్లిదండ్రులు లేని పిల్లలకు అనాథాశ్రమము ఏర్పడెను. పిఠాపురము మహారాజు రావు వేంకటకుమార మహీపతి సూర్యారావు బహదూరువారి ధనసహాయము దీనికి వెన్నెముకయై నిలిచెను. నేటివారికి ఇది పెద్ద సంగతిగా తోచకపోవచ్చును. ఆనాటి కాకినాడను తలచుకొని చూడవలెను. అగ్రహారములనుండి వచ్చి చదువుకొనుచున్న యువకులు, సంప్రదాయమున పెరిగిన అధ్యాపకులు, వీథిలో మాటాడుకొను పెద్దలు, పిల్లవానిని కళాశాల మాన్పించెదనని బెదిరింపగల తల్లిదండ్రులు. వీరందరి నడుమ ఒక బాలిక బల్లమీద కూర్చుండుటకు చోటు దొరకవలెను. ఉత్తర్వు చోటు చూపగలదు. ఆ చోటున నిర్భయముగా కూర్చుండు ధైర్యమును ఉత్తర్వు ఇయ్యలేదు.

ఆ ధైర్యము నాయుడుగారి జీవితమునుండి వచ్చెనని మేము తలచెదము. ఆయన చిన్నవయసుననే భార్యను పోగొట్టుకొని మరల వివాహమాడలేదు. తెల్లని దుస్తులు ధరించి ఋషివలె జీవించిరి. జీతములో చాలభాగము బీదవిద్యార్థులకు పోయెడిది. దేవదాసీల నాట్యసభలకు పోరాదని, శీలము మనుష్యునకు ప్రధానమని పూర్వమే ఉద్యమము నడపిన వారు. బ్రహ్మసమాజ మతమును స్వీకరించి కులభేదమును తమ యింట తొలుత విడిచిన వారు. కావున కళాశాలలో ఒక నియమము మార్చినపుడు, “ఈయన మాకు చెప్పుచున్నాడు, తాను చేయుచున్నాడా?” అను ప్రశ్నకు తావు లేకపోయెను. సంస్థాధిపతి ఉపాధ్యాయులను అడుగదలచిన త్యాగము తానంతకుమున్నే చేసియుండుట మార్పునకు మొదటి పునాది.

రెండవ సంగతి. నాయుడుగారు సంస్కర్తయైనను కళాశాలను సంస్కరణసభగా మార్చలేదు. దానిని చదువుల స్థానముగనే ఉంచిరి. వారి ఆంగ్ల సాహిత్యబోధనకు విద్యార్థులు ముగ్ధులగుచుండిరి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఆ కళాశాలలో వారి శిష్యులే. మార్పు తెచ్చువాని పనితనమును గూర్చి తోటివారికి సందేహము లేనపుడు వాని నూతనభావములను వారు కనీసము వినుదురు. పని రానివాడు సంస్కరణ మాటాడినచో అది సాకుగా కనబడును. 1924లో ప్రభుత్వము వారికి సర్ బిరుదమిచ్చినది. 1925నుండి 1928వరకు వారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. 1939 మే 26వ తేదీన పరమపదించిరి. బిరుదములు, పదవులు వెనుక వచ్చినవి. కాకినాడలోని మార్పు వాటి బలమున జరిగినది కాదు.

ఇక రెండవ ఘట్టము. ఇది కాకినాడ కథవలె సుఖాంతము కాదు. అందుచేతనే మనకు మరింత ఉపయోగకరము.

ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో జె.ఎ. యేట్సు అను ఆంగ్లేయుడు ఉత్తరసర్కారు జిల్లాలలో పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చెను. తెలుగు పాఠము వినుచుండగా ఆయనకు ఒక సందేహము కలిగెను. జనులు మాటాడు తెలుగునకు, పిల్లలు పుస్తకములో చదువు తెలుగునకు ఇంత భేదమేల? ఈ ప్రశ్న విశాఖపట్టణమున మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలకు అధ్యక్షులుగా నున్న పి.టి. శ్రీనివాస అయ్యంగారి వద్దకు వచ్చెను. దీనికి సమాధానము చెప్పగలవారు ఇద్దరున్నారని అయ్యంగారు చూపిరి: పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు, విజయనగరమున గురజాడ అప్పారావుగారు. అటనుండి వ్యావహారిక భాషోద్యమము పాఠశాలలలోనికి అడుగుపెట్టెను. అయ్యంగారు తెలుగు బోధనను సంస్కరించుటకై ఒక సమాజమును ఏర్పరచిరి. దేశభాషల పక్షమున 1909లో ఆంగ్లమున ఒక చిన్న గ్రంథమును వ్రాసిరి.

ఫలితము త్వరగనే కనబడెను. 1912-13 ప్రాంతమున స్కూలు ఫైనలు పరీక్షలో తెలుగు వ్యాసమును గ్రాంథికమునగాని, ఆధునిక భాషయందుగాని వ్రాయవచ్చునను వెసులుబాటు వచ్చెను. వెంటనే ఎదురుదాడియు వచ్చెను. 1911లో ఏర్పడిన ఆంధ్రసాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వమున, దీనిని గట్టిగా ప్రతిఘటించెను. సభలు జరిగెను, విన్నపములు పోయెను, సంఘములు కూర్చుండెను. గురజాడవారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు 1914లో తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. ప్రభుత్వము వెనుకంజ వేసెను. ఇచ్చిన వెసులుబాటు కొలది యేండ్లలోనే పోయెను. 1915 నవంబరు 30వ తేదీన గురజాడవారు మరణించునాటికి పాఠశాలలో గ్రాంథికమే గెలిచినట్లుండెను.

ఏల ఇట్లయ్యెను? గిడుగువారి వాదములో బలము లేక కాదు. శాసనములనుండి, పూర్వకవుల ప్రయోగములనుండి వారు చూపిన నిదర్శనములకు నేటికిని సమాధానము లేదు. మేము గమనించినది మరొకటి. ఈ మార్పునకు పూనుకొన్న నలుగురిని చూడుడు. యేట్సు ఆంగ్లేయుడు. అయ్యంగారు తమిళులు, చరిత్రకారులు. రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి పాఠశాలలో చరిత్ర చెప్పినవారు. అప్పారావుగారు సంస్థానోద్యోగి. ఈ నలుగురిలో తెలుగు పండితుడుగా బడిలో జీతము తీసికొనువాడు ఒక్కడును లేడు. కాని కొత్త భాషలో వ్యాసములు వ్రాయింపవలసినది, దిద్దవలసినది ఎవరు? ఆ తెలుగు పండితుడే.

అతని పక్షమును మనము ఒక్క నిమిషము వినవలెను. అతడు బాల్యమునుండి అమరము వల్లించినవాడు, వ్యాకరణము కంఠస్థము చేసినవాడు, ప్రబంధములు అన్వయించి చెప్పగలవాడు. పాఠశాలలో అతని జీతము ఆంగ్లోపాధ్యాయుని జీతముకన్న తక్కువ, గౌరవమును తక్కువే. అతనికి మిగిలిన గౌరవమంతయు ఆ భాషలోనున్నది. ఇంటిలో అందరు మాటాడు భాషయే పరీక్షకు చాలునన్నచో, “ఇక నేను ఎందులకు?” అను ప్రశ్న అతని మనస్సున మెదలక మానదు. అతని ప్రతిఘటనలో భాషాభిమానము ఎంత కలదో ఈ భయమును అంత కలదు. భాషాభిమానమునకు తర్కముతో సమాధానము చెప్పవచ్చును. భయమునకు తర్కము సమాధానము కాదు. పైగా ఆధునిక భాష అనగా ఏది? ఏ జిల్లా మాట? వర్ణక్రమము ఎట్లు? విద్యార్థి వ్రాసినదానిలో తప్పేది, ఒప్పేది? దిద్దువానికి ఈ ప్రశ్నలకు సిద్ధమైన జవాబు కావలెను. వెసులుబాటు ముందుగా వచ్చెను, జవాబులు వెనుకబడెను.

గిడుగువారు ఓటమితో ఆగలేదు. 1911లోనే ఉద్యోగమునుండి విరమించి, ఊరూర తిరిగి, ఎదుటివారి గ్రంథములలోనే వ్యావహారిక రూపములు చూపుచు, 1919లో ‘తెలుగు’ అను పత్రికను నడపి, పండితులను ఒక్కొక్కరిని ఒప్పించుచు వచ్చిరి. 1924లో కాకినాడలోని ఆంధ్రసాహిత్య పరిషత్తే వ్యావహారికముపై నిషేధమును తొలగించెను. 1940 జనవరి 22వ తేదీన వారు కన్నుమూయునాటికి పత్రికలు, కథలు, నవలలు వారి దారికి వచ్చుచుండెను. పాఠ్యపుస్తకములకు మరికొన్ని దశాబ్దములు పట్టెను. ఉత్తర్వు రెండేండ్లలో సాధింపజూచినది ఒప్పుదల అరువదేండ్లలో సాధించెను. మేము ఈ ప్రసంగమును ఇంకను పాతవాసన గల భాషలోనే చేయుచుంటిమన్న సంగతి శ్రోతలు గమనించియే యుందురు. అలవాటు ఎంత మొండిదో దీనివలననే తెలియును.

మూడవ ఘట్టము మన నెల్లూరు జిల్లా ఇంకను మద్రాసు రాష్ట్రములో నుండగా మొదలైనది. 1953 జూన్‌లో, ముఖ్యమంత్రి రాజగోపాలాచారిగారు గ్రామప్రాంతములలోని ప్రాథమిక పాఠశాలలకు ఒక కొత్త పథకమును ప్రవేశపెట్టిరి. పిల్లలు పూటకు మూడు గంటల చొప్పున రెండు జట్లుగా బడికి రావలెను. మిగిలిన పూట ఇంటివద్ద తల్లిదండ్రుల వృత్తిని నేర్చుకొనవలెను. బడులు తక్కువ, ఉపాధ్యాయులు తక్కువ, పిల్లలు ఎక్కువ. ఉన్న వనరులతో రెట్టింపు పిల్లలకు చదువు చెప్పవచ్చునని ఆలోచన. లెక్క తప్పు కాదు. కాని ఉపాధ్యాయులను అడిగినవారు లేరు. శాసనసభను ముందుగా సంప్రదింపలేదు. ఉపాధ్యాయునకు పనిగంటలు పెరిగెను. చాకలి బిడ్డ చాకలిపనియే, కుమ్మరి బిడ్డ కుమ్మరిపనియే నేర్వవలెనా అని ప్రజలు ప్రశ్నించిరి. ఇది కులవృత్తి విద్యయని నిందించిరి. జూలై నెలలో శాసనసభలో ఈ విషయమై ఇరుపక్షములకు ఓట్లు సమానముగా పడునంతవరకు వచ్చెను. తుదకు పథకమును పరిశీలించుటకు పరూలేకరు అధ్యక్షతన నిపుణసంఘము ఏర్పడెను. విశేషమేమనగా ఆ సంఘము పథకము మంచిదేయని చెప్పెను! అయినను అది నిలువలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము వేరుపడెను. మద్రాసు రాష్ట్రమున కామరాజుగారు ముఖ్యమంత్రియైన పిమ్మట, 1954 మే 18వ తేదీన పథకమును ఉపసంహరించిరి.

నిపుణులు మెచ్చినది, బడి మెచ్చనిది. ఆ పథకము పల్లెబడికి వచ్చిన దినమున అచ్చటి ప్రధానోపాధ్యాయుని స్థితి ఎట్లుండెనో ఊహింపుడు. తల్లిదండ్రులు గుమ్మమున నిలిచి అడుగుదురు. తోటి ఉపాధ్యాయుడు రెండవ జట్టునకు పాఠము మొదలుపెట్టుచు నిట్టూర్చును. ఇద్దరికిని చెప్పుటకు అతని వద్ద కారణము లేదు, కాగితము మాత్రమే కలదు. కారణము తెలియనివాడు ఇతరులను నడిపింపలేడు. అదే సంవత్సరము డాక్టరు లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన పనిచేసిన మాధ్యమిక విద్యాసంఘపు నివేదిక వెలువడెను. పాఠశాల మంచిచెడ్డలకు ప్రధానోపాధ్యాయుడే కీలకమనియు, అతనిని జాగ్రత్తగా ఎన్నుకొనవలెననియు, అతనిపై భారము తగ్గింపవలెననియు అందు చెప్పబడెను. ఒకే సంవత్సరమున సిద్ధాంతము ఒకచోట, అనుభవము మరొకచోట, రెండును ఒకే పాఠమును చెప్పినవి.

పై మూడు ఘట్టములకు ఒక చిన్న అనుబంధము. 1931లో రాధాకృష్ణపండితుడు ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడై వాల్తేరునకు వచ్చెను. అంతకుముందు కట్టమంచి రామలింగారెడ్డిగారు 1926నుండి ఆ సంస్థను నిలబెట్టి, ప్రభుత్వ దమననీతికి నిరసనగా పదవి వదలిపోయిరి. అప్పటివరకు ప్రధానముగా పరీక్షలు జరుపు సంస్థను పాఠములు చెప్పు సంస్థగా మార్చవలసియుండెను. రాధాకృష్ణుడు మొట్టమొదట మనుష్యులను వెదకెను. భౌతికశాస్త్రమునకు సూరి భగవంతము, రసాయనశాస్త్రమునకు టి.ఆర్. శేషాద్రి, చరిత్రకు హీరేన్ ముఖర్జీ వంటి యువకులు ఆ కాలమున వాల్తేరు చేరిరి. తరువాత 1936లో రెడ్డిగారే మరల వచ్చి 1949వరకు ఆ పనిని కొనసాగించిరి. ఒకరు మొదలిడినదానిని మరొకరు కూలద్రోయక పెంచిరి. మార్పులలో ఇదియు ఒక గుణము: వెనుకటివాని పనిని గౌరవించుట.

ఇప్పటి కాలమునకు వత్తము. మనుబోలువంటి చోట్ల బడులకు గడచిన కొన్ని యేండ్లలో వచ్చినన్ని మార్పులు పూర్వము ఒక తరమునకును రాలేదు. 2020 మార్చిలో మహమ్మారివలన బడులు మూతపడెను. దూరదర్శనములోను, ఆకాశవాణిలోను పాఠములు ప్రసారమయ్యెను. ముప్పదియేండ్లు నల్లబల్లముందు నిలిచి చెప్పిన ఉపాధ్యాయుడు చేతిఫోనులో మొగము చూచుకొనుచు పాఠము చెప్పవలసివచ్చెను. 2022 జూన్‌లో వచ్చిన 117వ ఉత్తర్వువలన చాలచోట్ల 3, 4, 5 తరగతుల పిల్లలు ప్రాథమిక పాఠశాల విడిచి సమీపముననున్న ఉన్నత పాఠశాలకు పోవలసివచ్చెను. 2025లో ఆ ఉత్తర్వు రద్దై మరల కొత్త యేర్పాటులు వచ్చెను. ఏది మంచిది, ఏది చెడ్డది యని తీర్పు చెప్పుటకు మేము ఈ ప్రసంగమును తలపెట్టలేదు. ఏది వచ్చినను, మరునాటి ఉదయము గంట కొట్టించి, “ఈ పిల్లలు ఏ గదిలో కూర్చుందురు? వీరికి చెప్పువారెవరు?” అను ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాడు ఒక్కడే.

చరిత్ర అతనికి ఏమి చెప్పుచున్నది? ఉత్తర్వును చదివి వినిపించుటతో తన పని ముగిసినదనుకొనరాదు. దాని కారణమును తాను ముందుగా తెలిసికొనవలెను, తెలియనిచో పై అధికారిని అడుగవలెను. అడుగుట అవిధేయత కాదు. 1953లో క్రిందినుండి నిజము పైకి పోవు దారి తెరచియున్నచో ఒక మంచి ఉద్దేశము అంత అపకీర్తి పాలయ్యెడిది కాదు. పైమాటను క్రిందికి చేరవేయునట్లే క్రిందిమాటను మెత్తబరుపక పైకి చేరవేయుటయు ప్రధానోపాధ్యాయుని ధర్మమే.

తోటివారిని అడుగదలచినదానిని తాను ముందు చేయవలెను. చేయుచు తడబడినచో ఆ తడబాటును దాచుకొనరాదు. పెద్దవాని తప్పు చూచిన చిన్నవానికి తన తప్పును గూర్చిన భయము తగ్గును. ఒక్కమారుగా బడినంతయు మార్చుటకన్న ఒక తరగతిలో, ఒక పాఠములో మొదలిడుట మేలు. వరి సాగుచేయు మన జిల్లా రైతులకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. కొత్త విత్తనమును ఎవడును తొలియేడు పొలమంతట చల్లడు; ఒక మడిలో వేసి చూచును; ప్రక్కపొలమువాడు గట్టుమీద నిలిచి చూచును; మరుసటియేడు అతడే విత్తనము అడుగవచ్చును.

అన్నిటికన్న ముఖ్యమైనది తుదకు చెప్పెదము. ప్రతి మార్పులోను ఒక ఉపాధ్యాయుడు ఏదో ఒకటి పోగొట్టుకొనును. నాడు తెలుగు పండితుడు తన జీవితకాలపు పాండిత్యమునకు విలువ పోవునేమోయని భయపడెను. నేడు పదవీవిరమణకు చేరువైన ఉపాధ్యాయుడు యంత్రముముందు తనకన్న పదవతరగతి పిల్లవాడే నేర్పరియని తెలిసికొని లోలోపల కుంగును. అట్టివానిని వెనుకబడినవాడని నలుగురిలో అనుట తేలిక. అతని చేతి లెక్కలపద్ధతి, అతని అక్షరముల దిద్దుబాటు, అతడు పిల్లల యింటిపేర్లు, ఇంటి కష్టములు ఎరిగియుండుట కొత్త పద్ధతికిని కావలసినవే. “మీకు తెలిసినది ఇచ్చట అవసరము, ఈ కొత్తది మేము మీకు నేర్పెదము, అది మీరు మాకు నేర్పుడు” అని అతనితో అనగల ప్రధానోపాధ్యాయుడు సగము మార్పును సాధించినట్లే. 1912లో ప్రతి పాఠశాలలోను తెలుగు పండితునితో ఆ మాట అన్నవాడొకడు ఉండినచో మన భాషాచరిత్ర కొంత వేరుగా నడచియుండునేమో!

కాకినాడలో ఆ తెల్లని దుస్తులవారు చేసిన పని గొప్పది. అట్టివారు తరమునకొక్కరు పుట్టుదురు. కాని బడులు వేలసంఖ్యలో ఉన్నవి. వాటికి వేలమంది మహర్షులు దొరకరు, అవసరమును లేదు. సోమవారము ఉదయము తానే సుద్దముక్క తీసికొని, వెనుకబల్లమీద తోటివారిని కూర్చుండబెట్టుకొని, తెలియని పాఠమును చెప్పుటకు సిగ్గుపడని సామాన్య ప్రధానోపాధ్యాయుడు ఒక్కొక్క బడికి ఒక్కడున్న చాలును. మనుబోలు దారిని సంచులు వైచికొని నడచివచ్చు పిల్లలకు ఉత్తర్వుల సంఖ్యలు తెలియవు. తమ ఉపాధ్యాయుడు ఈనాడు ఉత్సాహముతో తరగతికి వచ్చెనా, విసుగుతో వచ్చెనా అను సంగతి మాత్రము వారు గుమ్మముననే కనిపెట్టుదురు. ప్రధానోపాధ్యాయుని నాయకత్వమునకు నిజమైన పరీక్ష ఆ గుమ్మమువద్దనే జరుగుచున్నది.